ఇంటి దగ్గర బోటుకి షెడ్డు వేయాలంటే ముందు కింద నేల చూడండి

డాలస్ ఉత్తరం వైపు మన వాళ్ళు ఈ మధ్య బోట్లు బాగా కొంటున్నారు, లేక్ లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, ఇంకొంచెం పైకెళ్తే టెక్సోమా, వీకెండ్ వస్తే పిల్లల్ని తీసుకుని నీళ్ళ మీదే. కొనేటప్పుడు ఇంజను, సీట్లు, రంగు అన్నీ చూస్తాం గానీ ఇంటికి తెచ్చాక దీన్ని ఎక్కడ పెట్టాలి అన్నది అప్పుడు గుర్తొస్తది. గరాజ్‌లో పట్టదు. మామూలు గరాజ్ తలుపు ఎత్తు 7 అడుగులే, లోపలికి లోతు 20, మహా అయితే 22 అడుగులు. 20 అడుగుల బోటు ట్రైలర్ మీద ఎక్కిందంటే ముందు హిచ్చు నుంచి వెనక మోటారు దాకా 24, 25 అడుగులు వస్తది. అందుకని పెరట్లోనో పక్క ఖాళీలోనో షెడ్డు వేద్దాం అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా ఇది. నేను ఒకసారి తప్పు చేసి, రెండోసారి సరిగ్గా వేసుకున్నా, ఆ తేడా ఎక్కడుందో చెప్తా.

మొదట నేను వేసింది గుడ్డ షెడ్డు, అదే ఇనప గొట్టాల ఫ్రేమ్ మీద పాలీ కవర్ బిగించేది. రెండు వారాలు కూర్చుని కవర్ మందం, రంగు, జిప్పు, అన్నీ పోల్చి చూసి కొన్నా. కాళ్ళకి డబ్బాలో వచ్చిన స్క్రూ లాంటి యాంకర్లు నేలలోకి తిప్పేసి పని అయిపోయిందనుకున్నా. ఆ ఏడు ఎండాకాలం చివర్లో వానలు లేక నేల బాగా ఎండిపోయి ఉన్నప్పుడు ఒక రాత్రి పెద్ద గాలివాన వచ్చింది. పొద్దున్న చూస్తే కవర్ ఒక్కచోట కూడా చిరగలా. ఫ్రేమ్ మొత్తం లేచి బోటు విండ్‌షీల్డ్ మీద పడి, అక్కణ్ణించి పక్కవాళ్ళ ఫెన్స్ మీదకి ఒరిగి ఉంది. యాంకరు ఒకటి కాలికి అలాగే వేలాడతా ఉంది, దాని మరలకి పొడి మట్టి కొంచెం కూడా అంటుకోలా, శుభ్రంగా ఉంది. అది ఊడిన చోట నేలలో నా వేలు పట్టేంత నెర్రె.

ఫొటో పంపితే నాన్న నరసరావుపేట నుంచి ఫోన్ చేసి ఒకటే అడిగారు, "అది నల్లరేగడేనా?" అని. అవును నాన్నా అన్నా. "రేగడిలో రాట ఎండాకాలం ఊడొస్తదిరా, తడి ఉన్నప్పుడు పాతి గట్టిగా ఉంది అనుకుంటే ఎట్లా" అన్నారు. పత్తి పండించిన మనిషికి తెలిసింది నేను రెండు వారాలు వెతికినా ఎక్కడా చూడలేదు.

డాలస్ చుట్టుపక్కల నుంచి ఆస్టిన్, శాన్ ఆంటోనియో దాకా సాగే ఆ నేలని బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు, మన గుంటూరు, ప్రకాశం వైపు నల్లరేగడి లాంటిదే. వానొస్తే ఉబ్బుతది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తది. ఇక్కడ జనం ఎండాకాలంలో ఇంటి పునాది చుట్టూ నీళ్ళు పెడతారు కదా, అందుకే. ఇంటినే కదిపే మట్టి మీ షెడ్డు యాంకర్ని కదపకుండా ఉంటదా. కాబట్టి కేటలాగ్ తెరిచే ముందు పెరట్లోకెళ్ళి ఆగస్టులో నేల ఎలా ఉంటదో చూడండి. మీది ఇసక నేలైనా, రాతి నేలైనా లెక్క మారతది, కానీ చూడటం మాత్రం మానకండి.

గాలి ఎంత బలంగా లాగుతదో ఒకసారి లెక్కేద్దాం, ఇది తెలిస్తే మిగతావన్నీ అవే అర్థమవుతాయి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతది. గంటకి 60 మైళ్ళ గాలికి చదరపు అడుగుకి సుమారు 9 పౌండ్లు, 90 మైళ్ళకి 20 పైనే. 12 అడుగుల వెడల్పు 26 అడుగుల పొడవు షెడ్డంటే పైకప్పు 312 చదరపు అడుగులు, అంటే 60 మైళ్ళ గాలికే రఫ్‌గా మూడు వేల పౌండ్ల దగ్గర పైకి లాగొచ్చు, 90 అయితే ఆరు వేలు దాటుద్ది. ఉత్తర టెక్సాస్‌లో వసంతకాలం తుఫాన్లలో 60 మైళ్ళ గాలి పెద్ద వింతేం కాదు. ఇప్పుడు ఆ స్క్రూ యాంకర్లు గుర్తు తెచ్చుకోండి.

దీనికి మందు కాంక్రీటే. 12 అంగుళాల వెడల్పు 3 అడుగుల లోతు గుంట తవ్వి కాంక్రీటు పోస్తే ఒక్కోటి సుమారు 350 పౌండ్ల బరువు, 80 పౌండ్ల బస్తాలు గుంటకి నాలుగు పడతాయి. కాలు కాలుకీ ఒకటి చొప్పున పది గుంటలంటే మూడున్నర వేల పౌండ్లు, దానికి ఫ్రేమ్ బరువు కలుస్తది. స్లాబ్ పోస్తే ఇంక ఆలోచించక్కర్లేదు, 14 బై 26 అడుగుల స్లాబ్ 4 అంగుళాల మందంతో 18 వేల పౌండ్లు ఉంటది, పైగా ట్రైలర్ టైర్లు బురదలో దిగబడవు, ట్రైలర్ ముందుండే జాకీ చక్రం గట్టి చోట నిలబడతది. నేను రెండోసారి స్లాబే పోయించా. కింద చదును చేసి కంకర వేసి, లోపల ఇనప చువ్వలు కట్టి, అంచు చుట్టూ ఇంకొంచెం లోతుగా దించమని చెప్పా, ఈ నేలలో అంచు పలచగా ఉంటే పగులుతది. డ్రైవ్‌వే తారుదైతే యాంకర్లు ఆ తారుని నమ్ముకుని కాదు, కింద మట్టిలోకి బాగా దిగేవి ఉండాలి.

తవ్వే ముందు 811కి ఫోన్ చేయండి, డబ్బులేం తీసుకోరు, గ్యాస్, కరెంటు, కేబుల్ లైన్లు ఎక్కడున్నాయో వచ్చి రంగులేసి వెళ్తారు. కానీ మీ స్ప్రింక్లర్ పైపులు, సెప్టిక్ లైన్లు లాంటి సొంతవి వాళ్ళు గుర్తుపెట్టరు, అవి మీరే చూసుకోవాలి. సెప్టిక్ ఫీల్డ్, అదే ట్యాంకు నీళ్ళు నేలలోకి ఇంకే చోటు, దాని మీద మాత్రం షెడ్డు వద్దే వద్దు.

ఇంక కొలతలు. బ్రోషర్‌లో బోటు పొడవు చూసి ఆర్డర్ ఇచ్చేవాళ్ళని చాలామందిని చూశా, అది ఒట్టి బోటు కొలత. మీరు ట్రైలర్ మీద ఉన్నప్పుడు టేపు పట్టుకుని హిచ్చు కొన నుంచి మోటారు చివర దాకా, మోటారు పైకెత్తినప్పుడూ దించినప్పుడూ రెండూ కొలవండి, ఏది ఎక్కువైతే అది. ట్రైలర్ ముందు భాగం పక్కకి మడిచే రకం అయితే రెండడుగుల దాకా కలిసొస్తది. ఎత్తు నేల నుంచి టవర్, అదే బోటు మీద స్కీ తాడు కట్టే ఫ్రేమ్, దాని పైకొన దాకా. వెడల్పు విషయానికొస్తే, స్పెషల్ పర్మిట్ లేకుండా రోడ్డు మీద లాగాలంటే ఎనిమిదిన్నర అడుగులే హద్దు కాబట్టి మన బోట్లు దాదాపు అన్నీ అంతలోపే ఉంటాయి, 12 అడుగుల షెడ్డులో రెండువైపులా అడుగున్నర పైన మిగులుతది. అది ఇరుకే. రాత్రి పూట వెనక్కి తోసేటప్పుడు, పక్కన నిలబడి కవర్ తీసేటప్పుడు తెలుస్తది. జాగా ఉంటే 14, ఇంకా కుదిరితే 18 తీసుకోండి. మెటల్ షెడ్లకి కాళ్ళ ఎత్తు మామూలుగా 6 అడుగులు అని రాసి ఉంటది, బోటుకి అది చాలదు, 9 లేదా 10 అడగండి, షట్టర్ తలుపు పెట్టిస్తే తలుపు ఎత్తు కాలి ఎత్తు కన్నా తక్కువ వస్తది, ఆ తేడా ముందే అడిగి తెలుసుకోండి.

గుడ్డ షెడ్డు అసలు కొనొద్దా అంటే అలా అనను. అద్దె ఇంట్లో ఉన్నా, రెండేళ్ళలో ఇల్లు మారేలా ఉన్నా అదే నయం. కాకపోతే పెళ్ళి పందిరి లాంటి సన్న కాళ్ళ క్యానపీ బోటుకి పనికిరాదు. గొట్టాలు లోపలా బయటా గాల్వనైజ్ అయినవి, అంటే జింక్ పూత ఉన్నవి, కవర్ అతుకులు కుట్టినవి కాకుండా వేడితో అతికించినవి, కవర్‌ని రాచెట్‌తో బిగించే ఏర్పాటు ఉన్నవి చూడండి. వదులుగా ఉన్న కవర్ గాలికి పటపటా కొట్టుకుని గొట్టం దగ్గర అరిగి అక్కడే చిరుగుద్ది, వానకి మధ్యలో నీళ్ళు నిలుస్తాయి. ఒక అంగుళం లోతు నీళ్ళంటే చదరపు అడుగుకి 5 పౌండ్లు, పది బై పది అడుగుల గుంట పడితే 500 పౌండ్లు ఫ్రేమ్ మీదే. టెక్సాస్ ఎండకి ఏ కవరైనా కొన్నాళ్ళే, కాబట్టి కవర్ ఒక్కటే విడిగా మళ్ళీ దొరికే మోడల్ కొనండి.

చాలా ఏళ్ళు ఉండబోయే ఇల్లైతే మాత్రం ఇనప షెడ్డే. ఇక్కడ గేజ్ అని ఒక మాట వింటారు, నంబరు తగ్గేకొద్దీ ఇనుము మందం పెరుగుద్ది, అంటే 14 కన్నా 12 గేజ్ మందం. ఫ్రేమ్‌కి 12 అడగండి. రేకు మామూలుగా 29 గేజ్ వేస్తారు, వడగళ్ళ ఊళ్ళో ఉన్నాం కాబట్టి 26 గేజ్ వేయించుకోవడం మంచిది. వడగళ్ళకి రేకు సొట్టలు పడొచ్చు, బోటు మీద పడటం కన్నా అది మేలు కదా. పైకప్పు రేకులు వెన్ను నుంచి కిందకి నిలువుగా వేసే రకం తీసుకోండి, అడ్డంగా వేసిన వాటి మీద ఆకులు, మట్టి గాడుల్లో ఆగి అక్కడే తుప్పు మొదలవుతది.

సర్టిఫైడ్, అంటే ఇంత గాలికి నిలుస్తది అని రాసిచ్చే మాట దగ్గర బాగా జాగ్రత్త. ఆ సర్టిఫికెట్ అన్నది ఫలానా యాంకరు, కాళ్ళ మధ్య ఫలానా దూరం ఉంటేనే చెల్లుతది. 5 అడుగులకో కాలు పెట్టే షెడ్డు, 4 అడుగులకో కాలు పెట్టే షెడ్డు ఫొటోలో ఒక్కలాగే ఉంటాయి. ధరలో ఊరికే కలిపి ఇచ్చే యాంకర్లు చాలాసార్లు ఒట్టి ఇనప చువ్వలే. మీ కౌంటీకి ఇంజనీర్ సంతకం ఉన్న డ్రాయింగ్ పంపమనండి, అందులో మీరు వేయించబోయే యాంకరే ఉందో లేదో మీరే చూసుకోండి. డ్రాయింగ్ పంపడానికి నసిగే వాళ్ళ దగ్గర నేనైతే కొనను.

గోడల సంగతి చాలామందికి తెలియదు. మూడు వైపులా మూసి ముందు వైపు తెరిచి ఉంచితే చూడ్డానికి బాగుంటది గానీ గాలికి అదే అన్నిటికన్నా ప్రమాదం, సంచీలోకి ఊదినట్టు గాలి లోపలికి దూరి బయటకి దారి లేక కప్పుని కింద నుంచి తంతది, పైన అదే కప్పుని బయటి గాలి లాగుతా ఉంటది. అయితే నాలుగు వైపులా తెరిచి ఉంచండి, లేదా తలుపుతో సహా మొత్తం మూసేయండి. మూడు వైపులే కావాలంటే డ్రాయింగ్ కూడా దానికి తగ్గట్టే ఉందో లేదో అడగండి. నేను తెరిచే ఉంచి పడమర వైపు మాత్రం పై సగం రేకు వేయించా, సాయంత్రం ఎండ సీట్ల మీద పడకుండా. ఫైబర్ మీద పై పూతని, వినైల్ సీట్లని వాన కన్నా ఎండే ఎక్కువ పాడు చేస్తది.

మొత్తం మూసేస్తే గాలాడే దారి తప్పనిసరి, పైనా కిందా రెండుచోట్లా. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, కిందే పేరుకుంటది, అందుకే కింద కూడా వెంట్ కావాలి. ఇంకోటి, చలికాలం పొద్దున్నే రేకు లోపలి వైపు చెమట పట్టి చుక్కలు చుక్కలుగా బోటు కవర్ మీద పడతాయి, వాన లేకుండానే తడి, ఆ తడికి సీట్ల కింద బూజు. రేకు లోపల ఆ తేమ పీల్చే ఫెల్ట్ లాంటి పొర అతికించి అమ్ముతారు, ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడగాలి, తర్వాత వేయించడం పెద్ద పని. వసంతం రాగానే కప్పు మూలల్లో ఎర్ర కందిరీగలు గూళ్ళు పెడతాయి, పిల్లల్ని ఎక్కించే ముందు పైకి ఒకసారి చూడండి.

పర్మిట్ గురించి: చాలా ఊళ్ళు పాటించే రెసిడెన్షియల్ కోడ్‌లో 200 చదరపు అడుగుల లోపు విడి షెడ్డుకి బిల్డింగ్ పర్మిట్ అక్కర్లేదు, కానీ బోటు షెడ్డు పైన లెక్కలోలాగా 300 దాటుద్ది. కాబట్టి సిటీ ఆఫీసుకి వెళ్ళాల్సిందే, కంచె నుంచి ఎంత దూరం వదలాలో కూడా అక్కడే చెప్తారు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటే ఒప్పుకున్నారన్న మాట కాగితం మీద తీసుకోండి, ఫోన్లో సరే అన్నది తర్వాత పనికిరాదు. ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని రెండు అడగండి: ఈ షెడ్డు ఇంటి పాలసీలో వస్తదా, గాలికీ వడగళ్ళకీ డిడక్టబుల్, అంటే ముందు మన జేబులోంచి పోయేది, ఎంత అని. ఇక్కడ అది ఇంటికి రాసిన ఇన్సూరెన్స్ మొత్తంలో 1 లేదా 2 శాతం ఉండటం మామూలే, అంటే షెడ్డు మొత్తం పోయినా చేతికి ఏమీ రాకపోవచ్చు.

హ్యూస్టన్, గాల్వెస్టన్ వైపు వాళ్ళకి ఉప్పుగాలి కూడా ఉంది, గాల్వనైజింగ్ మందం అడగండి, కోసిన చోట్లా రంధ్రాల దగ్గరా జింక్ పెయింట్ వేయించండి. 2024 జూలైలో హరికేన్ బెరిల్ ఎలా కొట్టిందో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మిషిగన్, మినెసోటా వాళ్ళు గాలితో పాటు మంచు బరువు కూడా డ్రాయింగ్‌లో చూసుకోవాలి, అక్కడ ఏటవాలు ఎక్కువున్న కప్పే మంచిది, గుడ్డ షెడ్డు మీద మంచు పేరుకోకముందే దులుపుకోవాలి.

వేశాక ఏటా రెండుసార్లు, ఆగస్టు చివర నేల బాగా ఎండినప్పుడు ఒకసారి, వానల తర్వాత ఒకసారి, రెంచి పట్టుకుని కాలు కాలుకీ తిరగండి. బోల్టు వదులైతే బిగించండి, స్లాబ్ అంచు పక్కన మట్టి విడిపోయి సందు కనిపిస్తే ఇంటి పునాదికి పెట్టే, సన్న రంధ్రాల్లోంచి నీళ్ళు కారే సోకర్ హోస్‌నే అక్కడి దాకా లాగి రోజూ కాసేపు నీళ్ళు వదలండి.