ఎల్‌జీబీటీ హక్కులపై మీ అభ్యర్థి చరిత్రను పరిశీలించడం ఎలా?

నామినేషన్‌తో పాటు అభ్యర్థి సమర్పించే ఫారం 26 ప్రమాణపత్రంలో ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు వివరాలు ఉంటాయి గానీ, స్వలింగ జంటల గురించీ ట్రాన్స్‌జెండర్ల గురించీ ఆ అభ్యర్థి ఏమనుకుంటున్నారో, అధికారంలో ఉన్నప్పుడు ఏం చేశారో అందులో కనిపించదు. ఆ సమాచారాన్ని ఓటరే వెతికి పట్టుకోవాలి. వెతకడం అంత కష్టమేమీ కాదు. దొరికినదాన్ని సరిగ్గా చదవడంలోనే చాలామంది పొరబడతారు.

ముందుగా ప్రశ్నను రెండుగా విడగొట్టుకోవాలి. ట్రాన్స్‌జెండర్ల సంక్షేమం ఒక విషయం, స్వలింగ జంటల హక్కులు మరొక విషయం. మొదటిదానికి మద్దతు పలికితే నాయకుడికి పోయేదేమీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో అప్పటి తెలుగుదేశం ప్రభుత్వం ట్రాన్స్‌జెండర్లకు నెలకు 1,500 రూపాయల పింఛను ఆమోదించింది. తర్వాత వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం కూడా పింఛను కొనసాగించింది. అయితే 2023లో స్వలింగ వివాహాల కేసు సుప్రీంకోర్టులో నడుస్తుండగా కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం కోరినప్పుడు, అదే ప్రభుత్వం అస్సాం, రాజస్థాన్ ప్రభుత్వాలతో పాటు వ్యతిరేకత తెలిపింది. అంటే ఒక చేత్తో పింఛను ఇస్తూనే మరో చేత్తో అభ్యంతరం రాసి పంపడం సాధ్యమే. ఈ రెండింటినీ ఒకే గడిలో రాసుకుంటే ఏ అభ్యర్థి అసలు స్వరూపమూ తేలదు.

అభ్యర్థి ఇదివరకు ఎంపీగా పనిచేసి ఉంటే పని తేలికవుతుంది. పార్లమెంటు వెబ్‌సైటులో సభ్యుని పేరుతో వెతికితే అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు వస్తాయి. పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ హాజరు, ప్రశ్నలు, ప్రైవేటు బిల్లుల (మంత్రులు కాని సభ్యులు పెట్టే బిల్లుల) వివరాలను సభ్యులవారీగా ఇస్తుంది. ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ బిల్లు 2019 ఆగస్టు 5న లోక్‌సభలో, నవంబరు 26న రాజ్యసభలో మూజువాణి ఓటుతోనే నెగ్గింది. మూజువాణి ఓటులో ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేర్లతో నమోదు కాదు. కాబట్టి ఆ బిల్లును చూపించి 'మా ఎంపీ అనుకూలంగా ఓటు వేశారు' అని గానీ, 'వ్యతిరేకంగా వేశారు' అని గానీ ఎవరైనా కరపత్రం వేస్తే నమ్మనక్కర్లేదు. చర్చలో ఏం మాట్లాడారన్నదే అక్కడ మిగిలే ప్రధాన ఆధారం. లైంగిక హింసకు ఆ చట్టం పెట్టిన గరిష్ఠ శిక్ష 2 సంవత్సరాలే కావడాన్నీ, గుర్తింపు పత్రం కోసం జిల్లా మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవలసి రావడాన్నీ ట్రాన్స్‌జెండర్ సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి గనుక, మీ ఎంపీ ప్రసంగంలో ఆ రెండు అంశాలు ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే, సభలో మాట్లాడినా బాధితుల మాట చెవిన పడలేదనే అర్థం.

దీనికి భిన్నమైనది 2015 డిసెంబరు 18 నాటి సంఘటన. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377ను సవరించేందుకు కాంగ్రెస్ ఎంపీ శశి థరూర్ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టబోగా, దాన్ని ప్రవేశదశలోనే 71 మంది వ్యతిరేకించారు, 24 మంది సమర్థించారు. 2016 మార్చి 11న మళ్లీ ప్రయత్నించినప్పుడు 58కి 14 తేడాతో వీగిపోయింది. రెండూ శుక్రవారాలే. ప్రైవేటు బిల్లులు శుక్రవారం మధ్యాహ్నం వస్తాయి, ఆ వేళకు చాలామంది సభ్యులు విమానం ఎక్కి సొంత ఊళ్లకు బయలుదేరి ఉంటారు. ఐదు వందలకు పైగా సభ్యులున్న సభలో ఓటు వేసినవారు వందమంది కూడా లేరు. అందుచేత ఇలాంటి తేదీల్లో 'గైర్హాజరు' అని కనిపిస్తే దాన్ని వ్యతిరేకతగా లెక్కించకండి, సమర్థనగా అసలే లెక్కించకండి. గైర్హాజరు అనే రాసుకోండి.

అభ్యర్థి ఎమ్మెల్యేగానో మంత్రిగానో ఉండి ఉంటే శాసనసభ రికార్డు చూడాలి. నిజాం కాలంలో 1919లో వచ్చిన ఒక చట్టం హిజ్రాల పేర్లను రిజిస్టరులో ఎక్కించాలనీ, ఆడవేషంలో బహిరంగంగా కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చనీ చెప్పేది. దాన్ని రద్దు చేసింది శాసనసభ కాదు, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు. అంతకుముందు అన్ని దశాబ్దాల పాటు సభలో కూర్చున్నవారిలో మీ అభ్యర్థి ఉంటే, ఆ చట్టాన్ని తొలగించమని ఎన్నడైనా అడిగారా అన్నది న్యాయమైన ప్రశ్న. మంత్రిగా పనిచేసినవారి విషయంలో సమాచార హక్కు దరఖాస్తు బాగా పనికొస్తుంది: 10 రూపాయల రుసుముతో, ట్రాన్స్‌జెండర్ సంక్షేమ బోర్డు ఎన్నిసార్లు సమావేశమైంది, ఎంత ఖర్చు చేసింది అని సంబంధిత శాఖను అడగండి. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది గనుక నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగితే ఉపయోగం ఉండదు.

కొత్తగా రంగంలోకి దిగినవారికి సొంత రికార్డు ఉండదు కాబట్టి పార్టీ మేనిఫెస్టో చదవక తప్పదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ విస్తృత సంప్రదింపుల తర్వాత ఎల్‌జీబీటీ జంటల సహజీవన బంధానికి చట్టబద్ధత కల్పిస్తామని రాసింది. బీజేపీ ట్రాన్స్‌జెండర్లకు గుర్తింపు కార్డులు, ఆయుష్మాన్ భారత్ వర్తింపు, గరిమా గృహాల (ట్రాన్స్‌జెండర్ల వసతి గృహాల) విస్తరణ అని రాసి స్వలింగ జంటల జోలికి పోలేదు. మేనిఫెస్టోను ప్రభుత్వం చేసిన పనితో పక్కపక్కన పెట్టి చూడండి: 2023లో వివాహ సమానత్వాన్ని వ్యతిరేకించిన రాజస్థాన్ ప్రభుత్వం కాంగ్రెస్‌దే.

ప్రసంగాల దగ్గరకు వస్తే, 'ట్రాన్స్‌జెండర్', 'హిజ్రా', 'థర్డ్ జెండర్', 'స్వలింగ వివాహం', 'సెక్షన్ 377' అనే మాటలన్నింటితోనూ విడివిడిగా వెతకాలి, ఎందుకంటే మన పత్రికలు ఒకే సంగతిని ఒక్కోసారి ఒక్కో పేరుతో రాస్తాయి. అభ్యర్థి పేరు పక్కన 'గాజులు' అన్న మాట పెట్టి కూడా వెతకండి. ప్రత్యర్థిని గాజులు తొడుక్కోమనడం, చీర పంపిస్తాననడం, హిజ్రాలతో పోల్చి చేతకానివాడని ఎగతాళి చేయడం మన ఎన్నికల సభల్లో ఎంత మామూలైపోయిందంటే, అలా మాట్లాడినవారే మర్నాడు ట్రాన్స్‌జెండర్లకు చీరలు పంచుతూ ఫొటో దిగగలరు. అయితే వాట్సాప్‌లో తిరిగే అరనిమిషం వీడియోను బట్టి తీర్పు చెప్పకుండా పూర్తి ప్రసంగం, తేదీ చూడండి. స్వలింగ సంబంధం నేరం కాదంటూ సెక్షన్ 377పై సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన 2018 సెప్టెంబరు 6కు ముందు ఒకటి మాట్లాడి, తర్వాత మారినవారు ఉండవచ్చు. మారితే రెండు తేదీలూ రాయండి. అభ్యర్థి వ్యక్తిగత జీవితం, కుటుంబసభ్యుల సంగతులు మాత్రం ఈ లెక్కలోకి రావు, వాటిని తవ్వకండి.

చివరి పని నేరుగా అడగడం. 'మీరు ఎల్‌జీబీటీలకు మద్దతిస్తారా' అని అడిగితే 'అందరూ మా బిడ్డలే' అనే జవాబు వస్తుంది, దానితో మీకు పనిలేదు. 'ట్రాన్స్‌జెండర్లకు రిజర్వేషన్లు ఇవ్వాలని 2014లో నల్సా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, కర్ణాటక 2021లో ప్రభుత్వోద్యోగాల్లో 1 శాతం ఇచ్చింది; మీరు గెలిస్తే మన సభలో దాన్ని లేవనెత్తుతారా?' అని అడగండి. ఇంటింటి ప్రచారానికి వచ్చినప్పుడు పక్కన పది మంది ఉంటారు, జవాబు గోడ దూకిపోతుంది. అందుకే ప్రశ్నను కాగితం మీద రాసి పార్టీ కార్యాలయంలో ఇచ్చి, ఇచ్చిన తేదీ వేయించుకోండి. వారం గడిచినా జవాబు రాకపోతే మీ పుస్తకంలో ఆ గడిని ఖాళీగా వదలకుండా, 'అడిగాం, చెప్పలేదు' అని తేదీతో సహా రాసుకోండి.