పురీషనాళ క్యాన్సర్ ఆపరేషన్: ఫలితాలు మెరుగుపడాలంటే సర్జన్లకు శిక్షణ ఎలా ఉండాలి

పురీషనాళ క్యాన్సర్‌కు రేడియేషన్, కీమోథెరపీ ఎంత మెరుగుపడినా, పెల్విస్‌లో (నడుము కింది ఎముకల గూటిలో) క్యాన్సర్ తిరిగి వస్తుందా రాదా అన్నది చాలావరకు ఆపరేషన్ చేసిన చేతి మీదే ఆధారపడి ఉంటుంది. ఆ చేతికి పని నేర్పవచ్చు, నేర్పిన చోటల్లా ఫలితాలు మారాయి. హైదరాబాద్‌లో సర్జికల్ ఆంకాలజీ, సర్జికల్ గ్యాస్ట్రో విభాగాలు నడుపుతున్న సీనియర్లనూ, వారి దగ్గర ఎంసీహెచ్ (సర్జరీలో సూపర్ స్పెషాలిటీ కోర్సు) చేస్తున్న యువ సర్జన్లనూ దృష్టిలో పెట్టుకొని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌కు చెందిన సర్జన్ బిల్ హీల్డ్, పురీషనాళాన్ని చుట్టి ఉండే కొవ్వు భాగాన్ని, అంటే మీసోరెక్టమ్‌ను, దాని పలుచని కవచం చిరగకుండా పూర్తిగా తీసివేయాలని 1982లో ప్రచురించిన పరిశోధన పత్రంలో వాదించారు. దీన్నే టీఎంఈ (టోటల్ మీసోరెక్టల్ ఎక్సిజన్) అంటున్నాము. అంతకుముందు చాలామంది సర్జన్లు పెల్విస్‌లోకి చెయ్యి పెట్టి, కళ్ళతో చూడకుండానే కణజాలాన్ని విడదీసేవారు. 1994లో స్టాక్‌హోమ్ సర్జన్ల కోసం ఈ పద్ధతిపై వర్క్‌షాపులు మొదలయ్యాయి. అంతకుముందు అదే నగరంలో జరిగిన అధ్యయనాలలో రెండేళ్ళలో 14, 15 శాతం ఉన్న స్థానిక పునరావృతం, అంటే ఆపరేషన్ చేసిన చోటే క్యాన్సర్ తిరిగి రావడం, శిక్షణ తరువాత 6 శాతానికి తగ్గింది. మలద్వారం పూర్తిగా తీసివేసి పొట్ట మీద మలం కోసం శాశ్వతంగా సంచి పెట్టే ఆపరేషన్లు 55, 60 శాతం నుంచి 27 శాతానికి దిగివచ్చాయి. కొత్త మందు ఏదీ రాకుండా, నేర్పడం వల్ల వచ్చిన మార్పుగా దీన్ని చదవాలి.

ఇక మన దగ్గర ఏం చేయాలో చూద్దాము. మొట్టమొదట, ఈ ఆపరేషన్ ఎవరు చేయాలో విభాగం తేల్చుకోవాలి. రోగి ఏ రోజు ఓపీకి వస్తే ఆ రోజు యూనిట్‌కే కేసు వెళ్ళే పద్ధతిలో కేసులు అందరికీ తలా కొన్ని పంచబడతాయి, ఎవరి చెయ్యీ తిరగదు. పురీషనాళ క్యాన్సర్ కేసులన్నిటినీ ఇద్దరు ముగ్గురు సర్జన్లకే అప్పగించడం కొందరికి నచ్చకపోవచ్చు, అయినా ఇది జరగకుండా మిగతావేవీ పూర్తి ఫలితం ఇవ్వవు.

శిక్షణ థియేటర్‌లో కాక ట్యూమర్ బోర్డులో, అంటే వివిధ విభాగాల డాక్టర్లు కలిసి ఒక్కో కేసు చర్చించే సమావేశంలో, మొదలుకావాలి. నేర్చుకుంటున్న సర్జన్ స్వయంగా మలద్వారంలో వేలితో పరీక్ష చేసి, కణితి మలద్వారానికి ఎంత ఎత్తులో ఉంది, ఏ గోడకు ఉంది, కదులుతోందా లేదా అన్నవి రాసిపెట్టుకొని, ఆ తరువాతే రేడియాలజిస్ట్ పక్కన కూర్చొని ఎంఆర్‌ఐ చదవాలి. కణితి మీసోరెక్టమ్ కవచానికి 1 మిల్లీమీటరు లోపు చేరితే కోత అంచులో క్యాన్సర్ మిగిలిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. అటువంటి రోగికి ముందుగా రేడియేషన్, కీమో ఇచ్చే విషయం ఆ బోర్డులోనే నిర్ణయం కావాలి. వేలి పరీక్ష గురించి ఒక్క మాట అదనంగా చెప్పకుండా ఉండలేను: మొలలేనని నెలల తరబడి మందులు వాడి, ఒక్కసారి కూడా వేలితో పరీక్ష చేయించుకోని రోగులు జిల్లాల నుంచి నగరానికి ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. ఎంబీబీఎస్ విద్యార్థులకు, హౌస్ సర్జన్లకు ఈ పరీక్ష శ్రద్ధగా నేర్పడం కూడా ఫలితాలను మెరుగుపరిచే పనిలో భాగమే.

థియేటర్‌లో ఆపరేషన్ మొత్తాన్ని ఒకేసారి శిష్యుడి చేతికి ఇవ్వకూడదు, మొత్తం తామే చేస్తూ అతన్ని కెమెరా పట్టుకోవడానికే పరిమితం చేయనూకూడదు. ఆపరేషన్‌ను భాగాలుగా విడదీయాలి. రక్తనాళాన్ని కట్టడం, ఎడమవైపు పెద్దపేగును ప్లీహం దగ్గరి మలుపు దాకా వదులు చేయడం మొదట అప్పగించవచ్చు. అది కుదిరాక మీసోరెక్టమ్ వెనుక వైపు పొర వెంట విడదీసే పని ఇవ్వాలి. త్రికాస్థి (వెన్నెముక చివరి ఎముక) ముందు, సరిగ్గా లాగి పట్టినప్పుడు, సాలెగూడు పోగుల వంటి తెల్లని కణజాలం విచ్చుకుంటుంది. ఆ పోగుల మధ్యనే కోయాలి. రక్తం కారుతోందంటే చాలాసార్లు పొర తప్పినట్టే. అక్కడ హైపోగ్యాస్ట్రిక్ నాడులు కుడి ఎడమలుగా విడిపోవడాన్ని శిష్యుడు ప్రతి కేసులోనూ చూపించి, పేరు చెప్పి, ఆ తరువాతే ముందుకు సాగాలి. ఈ నాడులు దెబ్బతింటే మూత్రవిసర్జన, లైంగిక సామర్థ్యం దెబ్బతింటాయి. మన రోగులు ఈ సంగతి ఇంటివాళ్ళ ముందు నోరు విప్పి చెప్పరు కనుక, ఆపరేషన్‌కు ముందూ తరువాతా ఏకాంతంగా అడిగి రాసుకోవడం నేర్పాలి.

పక్కలు, ముందు భాగం, చివరి కత్తిరింపు ఆ తరువాతి మెట్లు. ఇరుకైన పెల్విస్ ఉన్న పురుషుడు, రేడియేషన్ తీసుకున్న కింది భాగపు పెద్ద కణితి వంటి కేసులు శిక్షణ చివరి దశకే ఉంచాలి. నెదర్లాండ్స్ టీఎంఈ ట్రయల్‌లో పాల్గొన్న సర్జన్ల మొదటి ఐదు ఆపరేషన్లను శిక్షకుల పర్యవేక్షణలో చేయించారు. మనం ఈ నియమాన్ని ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవచ్చు.

ఇంతవరకు చెప్పినదానికంటే ముఖ్యమైనది స్పెసిమెన్‌ను, అంటే కోసి తీసిన భాగాన్ని, చదవడం. స్పెసిమెన్‌ను ఫార్మలిన్ డబ్బాలో వేసి లేబుల్ అంటించి పంపేస్తే సగం పాఠం పోయినట్టే. ట్రేలో పెట్టి, పక్కన స్కేలు ఉంచి, ముందు నుంచీ వెనుక నుంచీ ఫోటోలు తీయాలి. చక్కగా వచ్చిన మీసోరెక్టమ్ వెనుక భాగం నున్నగా, మెరుస్తూ, రెండు గుండ్రని ఉబ్బులుగా కనిపిస్తుంది. కింది వైపుకు శంఖంలా సన్నబడిందంటే సర్జన్ లోపలికి జరిగి కోశాడని అర్థం. కొవ్వు చీలి కండరం బయటపడిందంటే పొర పూర్తిగా తప్పింది. సర్జన్ గ్లవ్స్ విప్పకముందే ఈ మూడింటిలో తనది ఏ తరగతో రాసి సంతకం చేయాలి. ఆ తరువాత ప్యాథాలజిస్ట్ తన తరగతి విడిగా రాయాలి. రెండూ కలవని కేసులను వారానికొకసారి వీడియోతో సహా కూర్చొని చూడాలి. బ్రిటన్ ప్రధానంగా జరిపిన సీఆర్07 ట్రయల్‌లో మూడేళ్ళలో స్థానిక పునరావృతం, పొర చెక్కుచెదరని వారిలో 4 శాతం, కొవ్వు మధ్యలో కోత పడిన వారిలో 7 శాతం, కండరం దాకా చీలిన వారిలో 13 శాతం ఉంది. యువ సర్జన్‌కు ఉపన్యాసాలు చెప్పలేనిది తన సొంత స్పెసిమెన్ చెబుతుంది.

ప్యాథాలజిస్ట్‌కు కూడా ఇందులో శిక్షణ ఉండాలి. స్పెసిమెన్ చుట్టూ ఇంకు పూసి, కణితి ఉన్న చోట ముందు నుంచి తెరవకుండా, సన్నని అడ్డు ముక్కలుగా కోసి, కణితికీ చుట్టు అంచుకూ మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో రాయాలి. కనీసం 12 లింఫ్ గ్రంథులు వెతకాలి. రేడియేషన్ తరువాత అన్ని దొరకకపోవచ్చు. ‘అంచు క్లియర్’ అన్న రెండు పదాల రిపోర్టును సర్జన్ అంగీకరించకూడదు.

సంచి పెట్టే చోటు గుర్తించడాన్ని చిన్న పనిగా చూసి నర్సుకు వదిలేస్తుంటారు. ఆపరేషన్‌కు ముందురోజు రోగిని పడుకోబెట్టి, నిలబెట్టి, నేల మీద బాసింపట్టు వేసి కూర్చోబెట్టి, పొట్ట మడతలు ఎక్కడ పడుతున్నాయో చూడాలి. చీర కుచ్చిళ్ళు దోపుకొనే చోటు, పంచె ముడి, ప్యాంటు బెల్టు తప్పించి గుర్తు పెట్టాలి. ఈ పని స్టోమా నర్సు (సంచి సంరక్షణలో శిక్షణ పొందిన నర్సు) పక్కన నిలబడి నేర్చుకున్న సర్జన్ పెట్టిన సంచి ఊడిపోయి, రోగి బస్సు ఎక్కడానికే భయపడే పరిస్థితి చాలా అరుదుగా వస్తుంది.

రోబో, లాపరోస్కోపీ శిక్షణలు ఇదంతా వచ్చిన తరువాతి మాట. మలద్వారం గుండా పైకి వెళ్ళే టీఏటీఎంఈ పద్ధతి త్వరగా వ్యాపించాక, నార్వేలో పెల్విస్‌లో ఒకేసారి అనేక చోట్ల క్యాన్సర్ తిరిగి రావడం గమనించి అక్కడ ఆ పద్ధతిని నిలిపివేశారు. ఆ ప్రమాదాన్ని అంత త్వరగా గుర్తించగలిగింది అక్కడ ప్రతి కేసు ఫలితాన్నీ నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ ఉండబట్టే.

మన విభాగాలకూ అలాంటి పట్టిక కావాలి. పేగు అతుకు లీకవడం, 30 రోజుల్లో మరణం, చుట్టు అంచులో క్యాన్సర్ ఉండటం, శాశ్వత సంచి, మూడేళ్ళలో పునరావృతం, ఈ ఐదింటిని సర్జన్ వారీగా రాస్తే మొదలుకు చాలు. ఆరోగ్యశ్రీ మీద ఆపరేషన్ జరిగి ఆదిలాబాద్‌కో నల్గొండకో వెళ్ళిపోయిన రోగి మళ్ళీ రాకపోతే ఆ గడి ఖాళీగానే మిగులుతుంది. కాబట్టి డిశ్చార్జి నాడే ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకొని, ఫోన్ చేసే బాధ్యత ఒక ఉద్యోగికి పేరుపేరునా అప్పగించాలి. ఆరు నెలలకొకసారి పట్టిక తెరిచినప్పుడు ఒకే సర్జన్ కేసులలో అంచు తప్పడం పదేపదే కనిపిస్తే, అతన్ని జాబితా నుంచి తీసివేయకుండా, తరువాతి కింది భాగపు కేసులన్నిటిలో మరో కన్సల్టెంట్‌ను అతని ఎదుట నిలబెట్టి ఇద్దరి చేత కలిపి చేయించాలి.