బడిలో సమ్మర్ ఫెయిర్, నాలుగో పాఠం: టాంబోలా బల్ల, రాఫిల్ టికెట్లు

పోయిన పాఠంలో తేదీ, మైదానం, ఇన్సూరెన్స్ అయిపోయాయి. ఈసారి డబ్బు సంగతి చూద్దాం. ఇంగ్లండ్ ప్రైమరీ స్కూళ్ళు బడి కోసం డబ్బు పోగుచేయడానికి పెట్టే ఫెయిర్లలో బౌన్సీ కాజిల్ (పిల్లలు ఎగిరే గాలి కోట) దగ్గర క్యూ ఎంత పొడుగున్నా, అద్దె పోగా చేతికి మిగిలేది తక్కువే. టాంబోలా అలా కాదు, బహుమతులన్నీ తల్లిదండ్రులే ఇస్తారు కాబట్టి వచ్చిన డబ్బు దాదాపు మొత్తం పీటీఏకే, అంటే బడి తల్లిదండ్రుల, టీచర్ల సంఘానికే. అందుకని కొత్తగా పీటీఏలో చేరినవాళ్ళు, ఎవరో ఒకరు "మీరు సమోసాలు చూస్తారా?" అని అడిగేలోపే "టాంబోలా నాకు వదిలేయండి" అనేయండి. సమోసాలు వద్దని కాదు, ఒక్కసారి ఒప్పుకుంటే ఇక ఏటా మీవే.

మన ఇళ్ళలో ఆడే హౌసీ కాదిది. బకెట్లోంచి టికెట్ తీస్తారు, దాని నంబరు 0తో గానీ 5తో గానీ ముగిస్తే అదే నంబరు అంటించిన బహుమతి మీది, అంతే.

ముందు సరుకు కావాలి. ఫెయిర్‌కి వారం ముందు శుక్రవారం నాన్ యూనిఫాం డే పెట్టమని హెడ్ టీచర్‌ని అడగండి. పిల్లలు మామూలు బట్టల్లో వస్తారు, బదులుగా చిన్న తరగతులవాళ్ళు చాక్లెట్లు, పెద్ద తరగతులవాళ్ళు ఏదో ఒక సీసా తెస్తారు. సీసా అంటే షాంపూ, కెచప్, స్క్వాష్, వైన్, ఏదైనా. వైన్ మాత్రం పిల్లల బ్యాగులో పెట్టొద్దనీ, పెద్దవాళ్ళే తెచ్చి ఆఫీసులో ఇవ్వాలనీ మెసేజ్‌లో స్పష్టంగా రాయండి. వచ్చినవాటి మీద తేదీలు చూడండి, ఎవరి అల్మారా అడుగునుంచో వచ్చిన పాత సాస్ సీసా ఒకటైనా తగులుతుంది.

ఇక లెక్క. క్లోక్‌రూమ్ టికెట్ల పుస్తకంలో ప్రతి నంబరూ రెండుసార్లు ఉంటుంది. 1 నుంచి 500 వరకు తీసుకుంటే 0, 5తో ముగిసేవి సరిగ్గా 100. వాటి ఒక సగం 100 బహుమతులకు అంటించి, రెండో సగాన్ని మిగతా 400 టికెట్లతో కలిపి మడిచి బకెట్లో వేయాలి. టికెట్ 50 పెన్నీలకు అమ్మితే, మొత్తం అమ్ముడుపోయినప్పుడు 250 పౌండ్లు. బహుమతులు 140 వస్తే టికెట్లు 700 చేయండి, అంటే ఎప్పుడూ బహుమతులకు ఐదింతలు. మడతపెట్టడం విసుగు పని, ముందురోజు రాత్రి టీవీ ముందు ఇంటిల్లిపాదీ కూర్చుంటే అయిపోతుంది.

చాలామంది దెబ్బతినేది బల్ల సర్దడంలో. అందంగా కనిపించాలని పెద్దవి వెనక, చిన్నవి ముందు పెడతారు. తీరా ఎవరో 385 తెచ్చి చూపిస్తే ఇద్దరు మనుషులు బల్లంతా వెతుకుతుంటారు, ఈలోపు క్యూలో ఉన్నవాళ్ళు కేకుల వైపు వెళ్ళిపోతారు. అందం పక్కన పెట్టి నంబరు వరుసలో సర్దండి. డబ్బు దగ్గర ఒకరు, బకెట్ దగ్గర ఒకరు, బహుమతి అందించడానికి ఇద్దరు ఉండాలి. ఇంకో చిట్కా: మంచి సీసాలు మొదటి అరగంటలోనే పోతే తర్వాత ఎవరూ ఆగరు కాబట్టి 1 నుంచి 250 ముందు, మిగతావి గంట తర్వాత తెరవండి. అయితే బహుమతులూ వాటి టికెట్లూ కలిసే బయటికి రావాలి, బల్ల మీద ఆశపెట్టి టికెట్ సంచిలో దాచడం మోసమే. మద్యం ఉంటే పెద్దలకి వేరే బల్ల, వేరే బకెట్ పెట్టండి, 18 ఏళ్ళ లోపువాళ్ళ చేతికి ఇవ్వకండి.

రాఫిల్‌లో (అంటే టికెట్లు అమ్మి, చివర్లో డ్రా తీసి బహుమతులివ్వడంలో) మెళకువ కంటే చట్టం ముఖ్యం. 2005 గ్యాంబ్లింగ్ చట్టం ప్రకారం, టికెట్లు ఫెయిర్ జరుగుతుండగా అక్కడే అమ్మితే ఏ లైసెన్సూ అక్కర్లేదు, టాంబోలా కూడా ఈ లెక్కలోకే వస్తుంది. వసూలైన దాంట్లోంచి ఖర్చులకు 100 పౌండ్లు, కొన్న బహుమతులకు 500 పౌండ్లు మించి తీయకూడదు. అదే టికెట్ పుస్తకాలు రెండు వారాల ముందే ఇళ్ళకు పంపినా, ఆఫీసులో తోటివాళ్ళకు అమ్మినా కథ మారిపోతుంది. అప్పుడు స్థానిక కౌన్సిల్ దగ్గర స్మాల్ సొసైటీ లాటరీగా (చిన్న సంఘాల లాటరీగా) రిజిస్టర్ కావాలి, మొదట 40 పౌండ్లు, తర్వాత ఏటా 20. టికెట్ మీద పీటీఏ పేరు, ధర, డ్రా తేదీ, బాధ్యుల పేరు, చిరునామా అచ్చువేయాలి. అన్ని టికెట్లూ ఒకే ధర, కాబట్టి ఐదు కొంటే ఒకటి ఉచితం లాంటివి కుదరవు. 16 ఏళ్ళ లోపు పిల్లలకు అమ్మకూడదు. నన్నడిగితే పెద్ద బడికి ఆ 40 పౌండ్లు దండగ కాదు, ఎందుకంటే అమ్మమ్మలూ తాతయ్యలూ ఆఫీసు స్నేహితులూ కొనే పుస్తకాల్లోనే అసలు డబ్బుంది. రెండు మూడు తరగతులే ఉన్న చిన్న బడైతే ఆ రోజు అమ్మకంతో సరిపెట్టుకోండి.

ఈ వారం పని: మీ పీటీఏకి ఇప్పటికే కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ట్రెజరర్‌ని అడగండి, ఉంటే ఈ ఏడు ఫీజు కట్టారా అని కూడా. కార్డ్ మెషీన్ పట్టుకుని మైదానం చివరిదాకా నడిచి సిగ్నల్ ఎక్కడ పోతుందో గుర్తుపెట్టుకోండి, టాంబోలా బల్ల అక్కడ మాత్రం వేయకండి. ఐదో పాఠంలో వాలంటీర్ల పట్టిక వేద్దాం, దానికి మీ క్లాసు వాట్సాప్ గ్రూపుల అడ్మిన్ల పేర్లు రాసి దగ్గర పెట్టుకోండి.