ఇంటి పట్టునే ఆన్‌లైన్ కోర్సు – 2వ భాగం: మొదటి వారం గట్టెక్కడం

పోయిన భాగంలో స్వయం పోర్టల్లో (కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైటు) అకౌంట్ తెరిచి, ఎన్‌పీటెల్ (ఐఐటీలు, ఐఐఎస్‌సీ వీడియో పాఠాలు నడిపే సంస్థ) వాళ్ల పన్నెండు వారాల పైథాన్ కోర్సులో, అంటే ప్రోగ్రాములు రాసే భాష నేర్పే కోర్సులో, చేరేదాకా వచ్చాం. చేరడం ఉచితం కాబట్టి ఈపాటికి చాలామంది ఆ ఒక్కదానితో ఆగి ఉండరు, పక్కన కనిపించిన ఇంకో మూడింట్లో కూడా పేరు ఇచ్చేసి ఉంటారు. ఆ మూడూ తీసేయండి. కాలేజీ చదువుతో పాటు ఒక్క కోర్సు చివరిదాకా లాగడమే పెద్ద పని.

ఈ వారం పని ఏందంటే, మీ వారంలో ఈ కోర్సుకి చోటు పెట్టడం. పన్నెండు వారాల కోర్సులో వీడియోలు మొత్తం ముప్పై గంటల దాకా ఉంటాయి, అంటే వారానికి రెండున్నర గంటలు. వినడానికి తక్కువే, కానీ ఆపి ఆపి చూడాలి, చేత్తో రాయాలి, ప్రోగ్రామ్ కొట్టి చూడాలి, అసైన్‌మెంట్ చెయ్యాలి, కాబట్టి ఐదు గంటలు పక్కన పెట్టుకోండి. ఖాళీ దొరికినప్పుడు చూద్దాంలే అనుకున్నారా, ఆ ఖాళీ దొరకదు. చీమకుర్తి నుంచి రోజూ ఒంగోలు కాలేజీకి బస్సులో పోయేవాళ్లు ఆ ప్రయాణం టైమంతా లెక్కేసుకుంటారు గానీ, నిలబడి ఒక చేత్తో రాడ్డు పట్టుకుని కొత్త పాఠం వింటే ఏమీ ఎక్కదు. నిన్న చూసింది మళ్లీ వినడానికైతే బస్సు బాగానే పనికొస్తుంది. కొత్త పాఠానికి ఇంట్లోనే కూర్చోవాలి. సాయంత్రం ఏడు తర్వాత హాల్లో టీవీ సీరియల్ నడిచే ఇల్లయితే తెల్లవారుజామున ఐదింటికి లేవడం తప్ప దారి లేదు. మీరు ఆ వేళకి కోర్సు పెట్టుకున్నారని ఇంట్లో కూడా చెప్పండి, లేకపోతే సరిగ్గా అప్పుడే పాలకి పంపిస్తారు.

ఫోన్లో చూసేవాళ్లకి ఒక మాట. డేటా మిగులుద్దని వీడియో క్వాలిటీ మరీ కిందికి దించితే కోడ్ అక్షరాలు అలుక్కుపోతాయి, కామాకీ ఫుల్‌స్టాప్‌కీ తేడా తెలీదు. 360 దగ్గర ఉంచండి. లాప్‌టాప్ లేదని ఆగిపోవద్దు, ఫోన్ బ్రౌజర్లోనే గూగుల్ కోలాబ్ తెరిచి పైథాన్ రాయొచ్చు, టైప్ చెయ్యడం కొంచెం విసుగు, అంతే.

ఇంగ్లీషు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, తెలుగు మీడియంలో చదివినవాళ్ల అసలు టెన్షన్ అదే కాబట్టి. లెక్చరర్ వేగం అందకపోతే స్పీడ్ 0.75కి తగ్గించి, సబ్‌టైటిల్స్ వేసుకోండి. ఎన్‌పీటెల్ కొన్ని కోర్సుల పాఠాలకి తెలుగు అనువాదం కూడా పెట్టింది, మీ కోర్సుకి ఉందేమో చూడండి. ఉన్నా, ముందు ఇంగ్లీషులో ఒకసారి విని, అందని చోటే తెలుగు తెరవండి, ఎందుకంటే పరీక్షలో ప్రశ్న ఇంగ్లీషులోనే వస్తుంది. ఇంకో సంగతి, ఎన్‌పీటెల్‌ని ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి మొదలుపెట్టింది 2003లో. కొన్ని పాఠాలు ఎప్పుడో రికార్డు చేసినవే మళ్లీ నడుపుతుంటారు. లెక్చరర్ స్క్రీన్ మీద కనిపించే మెనూ మీ దగ్గర లేకపోతే తప్పు మీది కాదు, కంగారు పడకండి.

ఇప్పుడు వీడియో పెట్టండి. పక్కన నోటుబుక్కు. అందులో లెక్చరర్ చెప్పిందంతా ఎక్కించొద్దు, వీడియో ఎటూ ఉంటుంది, ఎక్కడికీ పోదు. రాయాల్సింది రెండే: అర్థం కానిచోట నిమిషం ("12:40 – ఇక్కడ ఇంట్ ఎందుకు పెట్టాడు?" అన్నట్టు), ఇంకా మీరు సొంతంగా చెయ్యబోయే చిన్న లెక్క. ఈ రెండోదే ముఖ్యం. లెక్చరర్ టైప్ చేసింది చూసి టైప్ చేస్తే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, కొత్త లెక్క ఇస్తే చెయ్యి కదలదు.

మొదటి వారానికి మన నెల్లూరు లెక్క ఒకటి తీసుకుందాం. మన దగ్గర ధాన్యం పుట్లలో అమ్ముతారు, పుట్టి అంటే 850 కిలోలు. ఎన్ని పుట్లు అని అడిగి, కిలోలు చెప్పే ప్రోగ్రామ్ రాయండి. ఇన్‌పుట్ (input)తో అడుగుతారు, వచ్చిన జవాబుని 850తో గుణిస్తారు, ప్రింట్ చేస్తారు. మూడు లైన్ల పని. నడిపి, 3 అని కొట్టండి. 2550 వస్తుందనుకుంటారు. స్క్రీన్ నిండా మూడు పక్కన మూడు, ఎనిమిది వందల యాభై మూళ్లు వచ్చి పడతాయి.

గాబరా పడి తుడిపేయకండి, ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది అక్కడే ఉంది. పైథాన్‌లో ఇన్‌పుట్ ఇచ్చేది ఎప్పుడూ అక్షరాలే, మీరు కొట్టింది అంకె అయినా సరే. అక్షరాల్ని 850తో గుణించమంటే పైథాన్ వాటిని 850 సార్లు వరసగా పేరుస్తుంది. మీరు అడిగిందే అది చేసింది. ఆ జవాబుని ఇంట్ (int) లోపల పెట్టి సంఖ్యగా మారిస్తే 2550 వస్తుంది. సరే, ఇప్పుడు మూడున్నర పుట్లు, 3.5 అని కొట్టండి. ఈసారి ఎర్రగా ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే ఇంట్‌కి పూర్ణ సంఖ్యలే కావాలి. ఇంట్ తీసి, దశాంశాలు కూడా తీసుకునే ఫ్లోట్ (float) పెట్టండి, 2975.0 వస్తుంది. ఆ చివర సున్నా ఎందుకు వచ్చిందో మీరే చెప్పగలరు ఇక. ఈ పావుగంట పనితో వచ్చింది, అదే వీడియో మూడుసార్లు చూసినా రాదు.

తర్వాత అసైన్‌మెంట్. గడువు తేదీ ఆ పేజీలోనే ఉంటుంది, ఫోన్లో అలారం ఒకరోజు ముందుకి పెట్టుకోండి, చివరి రాత్రి నెట్ స్లో అయితే చేసేదేం లేదు. గడువు లోపల ఎన్నిసార్లయినా సబ్మిట్ చెయ్యొచ్చు, ఆఖరుసారి ఇచ్చిందే లెక్కలోకి వస్తుంది, కాబట్టి చూసిన రోజే ఒకసారి పెట్టేసి, తర్వాత దిద్దుకోండి.

మొదటివారం అసైన్‌మెంట్ పోతే పోయిందిలే అనుకునేవాళ్లు ఈ లెక్క చూడండి. మొత్తం వంద మార్కుల్లో అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75. పన్నెండింటిలో బాగా వచ్చిన ఎనిమిదిటి సగటు తీసుకుంటారు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కి కనీసం 10, పరీక్షలో 75కి కనీసం 30 రావాలి. మొదటి మూడు వారాలు నూటికి నూరు తెచ్చుకుని ఆ తర్వాత మానేశారనుకోండి. మూడొందల్ని మూడుతో కాదు, ఎనిమిదితో భాగిస్తారు, 37.5 వస్తుంది, అది 25కి దించితే తొమ్మిది చిల్లర. అంటే పరీక్షలో 75కి 75 కొట్టినా సర్టిఫికెట్ రాదు. మన ఆరంభశూరత్వం సంగతి తెలిసే ఈ రూలు పెట్టినట్టున్నారు. పరీక్షకి ఫీజు కట్టాలి, సెంటర్‌కి వెళ్లి రాయాలి, ఆ ఫారం నింపడం గురించి నాలుగో భాగంలో చూద్దాం.

మీ కాలేజీకి ఎన్‌పీటెల్ లోకల్ చాప్టర్ (కాలేజీలో ఎన్‌పీటెల్ కోర్సుల సంగతి చూసే ఏర్పాటు) ఉంటే ఆ బాధ్యత చూసే సారుని గానీ మేడమ్‌ని గానీ ఈ వారమే కలవండి. ఈ కోర్సు క్రెడిట్లు మీ డిగ్రీలో కలుపుతారా అని ఇప్పుడే అడగాలి, సర్టిఫికెట్ చేతికొచ్చాక కాదు.

వచ్చే భాగంలోగా రెండు పనులు. పుట్టి ధర కూడా అడిగి మొత్తం ఎంతొస్తుందో చెప్పేలా ప్రోగ్రామ్ పెంచండి. తర్వాత తిరగేసి చెయ్యండి: లారీలో 10000 కిలోలు ఉంటే నిండు పుట్లు ఎన్ని, మిగిలిన కిలోలు ఎన్ని. పదకొండు పుట్లు, 650 కిలోలు రావాలి. మామూలు భాగహారంతో పదకొండు పాయింట్ ఏదో వస్తుంది. శేషం తీసే గుర్తు ఏదో వెతికి పట్టుకోండి, మూడో భాగం అక్కడి నుంచే మొదలు.