పెద్దవాళ్లు కుర్చీలోంచి ఎలా లేస్తున్నారో చూడండి

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు మన ఇళ్లలో పెద్దవాళ్లు గోడ పట్టుకుని లేస్తుంటే వయసు కదా అని ఊరుకుంటాం. దయచేసి ఊరుకోకండి. అది కాళ్లలో కండ బలం తగ్గుతోందనడానికి గుర్తు కావచ్చు. పడిపోయి తుంటి ఎముక విరిగేదాకా చాలా ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు.

గట్టి కుర్చీని గోడకు ఆనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని వరుసగా ఐదుసార్లు లేచి కూర్చోమనండి. మీరు పక్కనే నిలబడండి. 15 సెకన్లు దాటితే బలం తగ్గిందని అనుమానించి డాక్టరుకు చూపించాలి. సాధన కూడా అదే కుర్చీతో చేయించవచ్చు: మొదట చేతుల ఆసరాతో, నెమ్మదిగా ఆసరా లేకుండా. కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆపేయాలి. ఈ వయసులో ఇంకేం లాభం అంటారేమో! తొంభై ఏళ్లవారిలోనూ వ్యాయామంతో కండ బలం బాగా పెరుగుతుందని 1990లోనే అమెరికాలో తేలింది.

తిండి సంగతి మరీ ముఖ్యం. పళ్లు లేవని చద్దన్నం, చారన్నంతో సరిపెట్టేస్తారు. కిలో శరీర బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు అందాలి. మెత్తగా ఉడికించిన గుడ్డు, ముద్దపప్పు, ఉలవకట్టు, పెరుగు, ముళ్లు తీసిన చేప, వీటిలో ఏదో ఒకటి ప్రతి పూటా పెట్టండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం డాక్టరును అడిగాకే పెంచండి.