టాంజానియా పల్లెకు సేవకు వెళ్లేవారు తెలుసుకోవలసినవి

టాంజానియా పల్లెలలో కొన్ని నెలలు స్వచ్ఛందంగా పనిచేయాలనుకునే వరంగల్, హనుమకొండ యువతీయువకులు ముందుగా అనుమతుల సంగతి చూసుకోవాలి. సందర్శకుల వీసా సేవా పనికి చెల్లదు. స్వచ్ఛంద సేవకుల కోసం అక్కడ సీ తరగతి నివాస అనుమతి ఉంది కనుక మిమ్మల్ని పిలిచిన సంస్థ చేత ముందే దరఖాస్తు చేయించండి. అడ్డిస్ అబాబాలోనో నైరోబీలోనో విమానం మారేవారిని ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం అడగవచ్చు. ఆ టీకాను హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేసిన 10 రోజులకు గాని ధ్రువపత్రం చెల్లదు. మలేరియా నివారణ మాత్రలను వైద్యుని సలహాతో ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి. పచ్చళ్ల డబ్బాలు, పొడులు గుడ్డ సంచులలో సర్దుకోండి, ఎందుకంటే 2019 జూన్ 1 నుంచి ఆ దేశంలో ప్లాస్టిక్ చేతిసంచులు నిషిద్ధం.

ఊరు చేరగానే గ్రామాధ్యక్షుని కలిసి, వచ్చిన పని చెప్పి, ఆయన అనుమతి తీసుకున్న తరువాతే మిగతా ఇళ్లకు వెళ్లాలి. పెద్దలు ఎదురైతే "షికమో" అనాలి, వారు "మరహబా" అంటారు. గడప ముందు నిలబడి "హోడి" అని పిలిచి, లోపలి నుంచి "కరిబు" అని వినిపించేదాకా ఆగాలి. అక్కడి భాష స్వాహిలీలో గంటలను పొద్దు పొడుపు నుంచి లెక్కిస్తారు కనుక "సా తాతు", అంటే మూడు గంటలు, మన లెక్కలో ఉదయం 9 గంటలవుతుంది. ఈ తేడా తెలియకపోతే మీ కోసం కూడిన జనాన్ని ఆరు గంటలు కాయించినవారవుతారు. భోజనంలో పెట్టే ఉగాలి మన మక్కగట్క వంటిదే, కాస్త గట్టిగా ఉంటుంది; మ్చిచా అంటే తోటకూర. పెట్టినదాన్ని కుడిచేత్తో, తృప్తిగా తినండి.

ఇక అసలు పని. నీటి ఎద్దడి చూడగానే కొత్త బోరింగు వేయించాలని మనసు తొందరపడుతుంది. తాడ్వాయి అడవిలోని ఒక గూడెంలో మేమూ అలాగే వేయించాము. ఏడాది తిరగకముందే వాషర్లు అరిగిపోయాయి, మార్చగలవారు ఊళ్లో లేరు, ఆడవాళ్లు మళ్లీ వాగు చెలిమకే నడిచారు. ఆ తప్పు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అందుకే కొత్తదాని మాట ఎత్తకముందు, పాడైన పాత పంపు దగ్గర కూర్చుని, అది ఎప్పుడు ఆగింది, విడిభాగాలు ఏ పట్నంలో దొరుకుతాయి, మరమ్మతుకు ఇంటింటా డబ్బు ఎవరు వసూలు చేస్తారు, ఆ లెక్క ఎవరి దగ్గర ఉంటుంది అని అడగండి; నీళ్లు మోసే ఆడవాళ్లను వేరుగా అడగండి, ఎందుకంటే పెద్దల సభలో వారు నోరు విప్పకపోవచ్చు. మన చెరువులను శతాబ్దాలు నిలబెట్టినది కట్ట ఒక్కటే కాదు, తూము ఎత్తి దించే నీరటి కూడా. ఆ ఊరి నీరటి ఎవరో తేలనిదే పని మొదలుపెట్టకండి. ఆఫ్రికాలో విరివిగా కనిపించే పంపులలో మన ఇండియా మార్క్ 2 ఒకటి, ఆఫ్రిదేవ్ మరొకటి. మొదటిదానిలో లోపలి వాషర్లు మార్చాలంటే గొట్టాలన్నీ పైకి లాగాలి. రెండవదానిలో గొట్టాలు కదపకుండా కడ్డీలు తీసి మార్చవచ్చు, కాబట్టి ఊరివారే నేర్చుకోవడం తేలిక. రెంచి మీ చేతిలో కాక వారి చేతిలో ఉండాలి. ఒక మహిళతో సహా కనీసం ఇద్దరు మీ సాయం లేకుండా రెండుసార్లు విప్పి బిగించేదాకా శిక్షణ పూర్తయినట్లు కాదు.

పిల్లలకు మిఠాయిలు, డబ్బు పంచవద్దు. తల్లిదండ్రులను అడగకుండా పిల్లల ఫోటోలు తీయవద్దు. విక్టోరియా వంటి సరస్సుల ఒడ్డున నీళ్లలో దిగవద్దు, నత్తల ద్వారా వ్యాపించే బిల్‌హార్జియా క్రిములు చర్మం గుండా లోపలికి చేరతాయి.

తిరిగి వచ్చాక కూడా మలేరియా మాత్రలను, మందును బట్టి వారం నుంచి నాలుగు వారాల వరకు వాడాలి. ఆ తరువాత కొన్ని నెలల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా ఇంట్లో పారాసిటమాల్‌తో సరిపెట్టుకోక, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, ఆఫ్రికా నుంచి వచ్చానని ముందుగా చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.