వాకిట్లోకొచ్చే పిల్లికి తిండి పెట్టే ముందు

బెంగళూరు మారతహళ్లి సందుల్లో, అపార్ట్‌మెంట్ పార్కింగుల్లో తిరిగే పిల్లులన్నీ దిక్కులేనివి కావు. గిన్నె పెట్టేముందు ఇవి చూసుకోండి.

• ఎవరిదో కనుక్కోండి. వాచ్‌మన్‌నీ, పక్కింటివాళ్లనీ అడగండి. ఒళ్లు నున్నగా ఉండి, పిలవగానే కాళ్లకు రాసుకుంటే పెంపుడుదే కావచ్చు. ముట్టుకోనిస్తే "ఈ పిల్లి మీదేనా?" అని ఫోన్ నంబరుతో రాసిన కాగితం పట్టీని మెడకు వదులుగా చుట్టండి. లాగితే చిరిగిపోవాలి, దారం మాత్రం వద్దు. యజమాని ఉంటే అడిగాకే పెట్టండి, దానికి మందులో పథ్యమో నడుస్తుండొచ్చు.

• చెవి కొస కత్తిరించినట్టుంటే సాధారణంగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినట్టే. ఆపరేషన్ కాకపోయుంటే, చేయించడానికి జంతు సంక్షేమ సంస్థతో మాట్లాడండి. తిండి పెట్టి ఆపరేషన్ సంగతి వదిలేస్తే కూనలు పెరిగి, వాటి పాట్లూ పెరుగుతాయి.

• పాలు చాలా పిల్లులకు పడవు, విరేచనాలవుతాయి. మంచినీళ్లు చాలు. ఉల్లి, వెల్లుల్లి వేసిన పులుసన్నం వాటికి విషం. ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముళ్లు, ఎముకలు తీసిన చేపో కోడిమాంసమో పెట్టండి.

• నలతగా కనిపిస్తే పారాసెటమాల్ ఇవ్వకండి, ప్రాణం పోతుంది. డాక్టరుకే చూపించండి.

• ఎవరి గుమ్మం ముందూ, కార్ల కిందా పెట్టొద్దు. తినగానే గిన్నె తీసి కడగండి, లేదంటే ఎలుకలొస్తాయి.

• కరిచినా, గీరినా సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆరోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగండి.